పంపుహౌసులో రాయి

ఆ రోజు నవంబరు తొమ్మిది, ఆదివారం. మధ్యాహ్నం స్కౌటు పిల్లలకు రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, తలా ఒక అరటిపండు పెట్టాం. గుడ్లు మరీ ఎక్కువగా ఉడికిపోయి పచ్చసొన చుట్టూ బూడిదరంగు వలయం కట్టింది. ఒకడు దాన్ని పైకెత్తి చూపించి ఇది శనిగ్రహం అన్నాడు. పక్కవాడు దాని మీద ఉప్పు చల్లి, చుక్కలు కూడా వచ్చేశాయన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో, అందరూ బొత్తాం అని పిలిచే కొత్తపిల్లాడు కూడా ఉన్నాడు. అది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ తర్వాత వాడు నవ్వగా చూడడానికి చాలా రోజులు పట్టింది.

నేను స్కౌటు మాస్టర్ని కాను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. మందుల పెట్టె పట్టుకుని ఈ పిల్లల వెంట తిరిగింది నా భార్య. ఆమె పోయాక ఆ పెట్టె మా ఇంట్లో బల్ల మీద ఉండిపోయింది. ఒక ఉదయం, ఈ పిల్లల దళాన్ని నడిపే డ్రిల్లు మాస్టారు దాని కోసమే వచ్చాడు. అడగడానికి మొహమాటపడి, కాఫీ తాగి, చివరికి నన్ను కూడా రమ్మన్నాడు, పిల్లలకు నేను అలవాటేనన్నాడు. పిల్లలకు అలవాటైంది నేను కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసీ అలా అనడం అతని మంచితనం. అప్పటినుంచి పెట్టెతో పాటు నేనూ వెళ్తున్నాను.

ఆ రోజు వెళ్లింది ఊరి చివరి పాత నీళ్ల పంపుహౌసుకి. కొత్తది కట్టాక దాన్ని వదిలేశారు. చుట్టూ మైదానం, ఒక పక్క ఎండిపోయిన సిమెంటు తొట్టి, తొట్టి గోడ మీద మొలిచిన రావి మొక్కలు. పిల్లలు గంతులు వేయడానికి అంతకన్నా మంచి చోటు లేదు. పంపుహౌసుకి తలుపు ఉండేది కాని తాళం ఎప్పుడో ఊడిపోయింది.

ఆ దళంలో కొత్తగా చేరినవాణ్ణి 'రాయి'ని చేసే ఆనవాయితీ ఒకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. పెద్దపిల్లలు దాన్ని మాస్టార్ల కంట పడకుండా కాపాడుకుంటూ వచ్చారు. కొత్తవాడి మెడలోని స్కార్ఫుతోనే వాడి కళ్లు కట్టి, ఒక సీనియరు చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లి ఎక్కడో ఒకచోట నిలబెడతాడు. అక్కడినుంచి వాడు రాయి. నిలబెట్టినవాడే తిరిగి వచ్చి ఎడమచేత్తో వాడి ఎడమచెయ్యి పట్టుకుంటేనే ఆట అయిపోయినట్టు. స్కౌట్లు ఒకరికొకరు చెయ్యి కలిపేది ఎడమచేత్తో కదా, అందుకని. ఈలోగా మిగతా సీనియర్లు వచ్చి రకరకాలుగా పిలుస్తారు. వాళ్ల మాట నమ్మి అడుగు వేశాడా, ఏడాది పొడవునా వాడి పేరు గులకరాయి. వేయలేదా, వాడు మనవాడు. ఇంకొక ఏర్పాటు కూడా ఉంది. రాయి నిలబడి ఉన్నప్పుడు హాజరు పిలిస్తే, వాడి బదులు వేరొకడు గొంతు మార్చి పలకాలి.

బొత్తాం తల్లి టైలరు. అందుకే వాడి చొక్కాకి ఒక్క బొత్తాం కూడా ఊడి ఉండదు, అందుకే ఆ పేరు. వాణ్ణి రాయిని చేసింది నిచ్చెన. నిచ్చెన అంటే దళంలో అందరికన్నా పొడుగువాడు, స్కూలు చివరి ఏడు, పిల్లలందరికీ అన్న. చిన్నపిల్లలు షూ లేసు కట్టుకోవడం దగ్గరినుంచి అన్నీ వాణ్ణే అడుగుతారు. భోజనాలయ్యాక బొత్తాన్ని పంపుహౌసులోకి తీసుకువెళ్లి, చీకట్లో నేల ఎలా ఉందో చూసుకోకుండా మధ్యలో నిలబెట్టి వచ్చాడు. ఇద్దరు సీనియర్లు తలుపు దగ్గర నిలబడి తమకు వచ్చిన పిలుపులన్నీ పిలిచారట. టీ వచ్చిందన్నారు. మీ అమ్మ వచ్చిందన్నారు. ఒరే జరుగు, నీ కాళ్ల కింద గొయ్యి ఉందన్నారు. బొత్తాం కదల్లేదు. వాళ్లకే ముచ్చటేసి, ఇక విడిపించెయ్యమని నిచ్చెనకి చెప్పడానికి పరుగెత్తారు. నిచ్చెన అప్పుడు తొట్టి గోడ మీద ఉన్నాడు. సరేనంటూ పైనుంచే దూకాడు. కాలు జారి, ఎడమచెయ్యి ఒంటి కింద పడి నలిగింది.

విరిగిన చప్పుడు నాకు కూడా వినిపించింది. చెయ్యి మోచేతికీ మణికట్టుకీ మధ్య వంగకూడని చోట వంగింది. మందుల పెట్టెలోని అట్టముక్కలు పెట్టి కట్టు కట్టాను. వాడు ఏడవలేదు కాని మొహం సున్నం కొట్టినట్టయింది. డ్రిల్లు మాస్టారు గబగబా హాజరు పిలిచాడు. అందరూ పలికారు. పిల్లల్ని వరుసలో ఊళ్లోకి నడిపించమని ఇద్దరు సీనియర్లకు చెప్పి, నిచ్చెనని బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. ఆ కంగారులో బొత్తాం బదులు పలికినవాడు, బొత్తాన్ని ఇంకెవరో విడిపించి ఉంటారనుకున్నాడు. మిగతావాళ్లు వాడి పలుకు విని బొత్తాం ఉన్నాడనుకున్నారు.

నేను నెమ్మదిగా నడిచేవాణ్ణి, సామాను సర్దుకుని రిక్షాలో వస్తానన్నాను. కట్టుగుడ్డలు చుట్టి పెట్టెలో పెడుతుంటే, చెట్టుకింద ఒక సంచి మిగిలి కనిపించింది. దాని అంచుకి ఎర్రదారంతో ఒక బొత్తాం బొమ్మ కుట్టి ఉంది.

పిలిచాను. మైదానం ఖాళీగా ఉంది. రెండోసారి పిలవకముందే, ఎందుకో తెలియదు, పంపుహౌసు వైపు చూశాను. లోపల అడుగు పెట్టేసరికి కళ్లకు ఏమీ ఆనలేదు. తుప్పు వాసన, దాని కింద నిలవనీటి వాసన. తర్వాత మెల్లగా వాడి చొక్కా కనిపించింది. కళ్లకు గంతలతో, చేతులు పక్కలకు ఆనించుకుని, నిటారుగా నిలబడి ఉన్నాడు. నేను ఒక్క అడుగు వేశాను. కాలికింద చెక్కపలక కిర్రుమని విరిగి కిందికి పోయింది. తలుపు రెక్క పట్టుకుని వెనక్కి పడ్డాను. కాసేపటికి కానీ నీళ్ల చప్పుడు రాలేదు.

గది మధ్యంతా సంపు. దాని మీద ఎన్నేళ్లనాటివో పుచ్చిన పలకలు. బొత్తాం ఆ పలకల మీద ఉన్నాడు.

చెప్పకూడనిది ఏమిటో నాకు తెలియదు, అందుకని మొదట నిజమే చెప్పాను. నాన్నా, కదలకు, కింద గొయ్యి ఉంది అన్నాను. వాడి పెదాలు కొంచెం సాగాయి. ఆ పిలుపు వాడు అప్పటికే విని ఉన్నాడు. నేనెవరినో చెప్పాను. ఆట అయిపోయిందని, నిచ్చెనకి దెబ్బ తగిలిందని చెప్పాను. వాడు తల అడ్డంగా ఊపాడు. ఆ చిన్న ఊపుకే పలకలు మూలిగాయి. డ్రిల్లు మాస్టారికి ఫోను చేస్తే, పక్కనున్న నిచ్చెన ఆ రాయి ఆట సంగతంతా నాకు చెప్పాడు. వాడి చేతే బొత్తాంతో మాట్లాడించాను. ఫోనులో నిచ్చెన, నేనేరా, అయిపోయింది అన్నాడు.

"గొంతులు ఎవరైనా చేస్తారు సార్," అన్నాడు బొత్తాం, కళ్లగంతల వెనకనుంచి, చాలా మర్యాదగా.

రమ్మంటే నమ్మడు, భయపెడితే తూలిపోతాడు. అప్పుడు నాకు తట్టింది, వాడు నమ్మే మాట ఒక్కటే మిగిలి ఉందని. గడప మీద కూర్చుని, నేను నిన్ను పిలవనురా, నువ్వు నిలబడు, నేనూ ఇక్కడే కూర్చుంటా అన్నాను. వాడి భుజాలు కాస్త దిగాయి. ఆ తర్వాత ఏవేవో కబుర్లు చెప్పాను. చెట్లు రాత్రిపూట ఆకులెలా ముడుచుకుంటాయో చెప్పాను. మధ్యలో వాడు రెండుసార్లు తల కొద్దిగా కిందికి వంచి, ఎవరో చెబుతుంటే విన్నట్టు విన్నాడు. నా మాటలు వింటున్నాడనుకున్నాను.

నిచ్చెన ఆసుపత్రిలో పిండికట్టు వేయించుకోకుండానే వచ్చేశాడు. నేను కట్టిన అట్టముక్కలే ఉన్నాయి. చెయ్యి మోచేతి దాకా వాచి నల్లబడింది. డ్రిల్లు మాస్టారు వాడి వెనకే పరుగెత్తుకొచ్చాడు. నిచ్చెన గోడవారన బోర్లా పడుకుని, పలకల కింద దూలాన్ని కుడిచేత్తో తడుముకుంటూ పాకాడు. వాడి చెరొక మడమ మేమిద్దరం పట్టుకున్నాం. దగ్గరికి వెళ్లాక ఎడమచెయ్యి చాపాడు. చాపుతున్నప్పుడు వాడి మడమ నా చేతుల్లో బిగుసుకుపోవడం తెలిసింది.

"బొత్తాం. ఎడమచెయ్యి."

బొత్తాం చెయ్యి కిందికి చాపి వేళ్లు తడిమాడు. వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"ఇది నిచ్చెనన్న చెయ్యి కాదు. లావుగా ఉంది."

"విరిగిందిరా. వాచింది."

"అందరూ అలాగే చెబుతారు."

నిచ్చెన చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"సరే, నా మాట నమ్మొద్దు. పట్టుకుని గట్టిగా నొక్కు. నేను అరుస్తాను. అది దొంగ అరుపు అనిపిస్తే రావద్దు."

బొత్తాం నొక్కాడు. ఆ అరుపు గురించి రాయను. అది విన్నాక ఆ గదిలో ఎవరికీ అనుమానం మిగలలేదు. బొత్తాం ఆ చెయ్యి వదలకుండానే మెల్లగా మోకాళ్ల మీదికి వంగి, పొట్ట మీద పడుకుని, దూలం వైపు జరిగాడు. మేము ఇద్దర్నీ కలిపి ఇవతలికి లాగాం. వెలుగులోకి వచ్చాక వాడి గంతలు విప్పుతుంటే, వాడు నిచ్చెన మొహం చూడలేదు. వెనక్కి తిరిగి, తలుపులోంచి లోపలి చీకటిని చూశాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. పెద్దవాళ్లం చేయవలసినవన్నీ చేశాం. డ్రిల్లు మాస్టారు దళాన్ని నిలబెట్టి రాయి ఆట పేరెత్తితే పంపేస్తానన్నాడు. నిచ్చెన చొక్కా మీది లీడరు పట్టీలు వాడే విప్పి ఇచ్చేశాడు. మునిసిపాలిటీవాళ్లు మోటారు పెట్టి సంపు తోడారు. నల్లబురద, ఒక తుప్పుపట్టిన బకెట్టు తప్ప ఇంకేమీ లేవు. పుచ్చిన పలకలన్నీ తీసేసి, తలుపుకి కొత్త గొళ్లెం పెట్టి, మట్టి పోయడానికి లారీలు మాట్లాడారు.

సరిగ్గా వారం తిరిగేసరికి టైలరమ్మ మా ఇంటికి వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. నిలబడే చెప్పింది. పిల్లాడు పడుకోవడం లేదు. మంచం మీద పడుకోబెడితే లేచి గోడవారన నిలబడుతున్నాడు. ఏమిటిరా అంటే చెప్పడు. మొన్న వాడి భయం పోతుందని, ఆ గొయ్యి సోమవారం పూడ్చేస్తున్నారులే అని చెప్పిందట. అప్పటినుంచి అన్నం కూడా ముట్టలేదు.

"ఆ పొడుగబ్బాయిని పిలవమంటున్నాడండీ మాస్టారూ. మా గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానన్నాను వాణ్ణి. ఇప్పుడు నేనే ఏ మొహం పెట్టుకుని పిలవను?"

నేను పిలుచుకొస్తానన్నాను.

వాళ్లది ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో మంచం ఉన్న చిన్న ఇల్లు. మిషను మీద సగం కుట్టిన స్కూలు యూనిఫాం ఉంది. నిచ్చెన గడప బయటే ఆగాడు. టైలరమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది. పిండికట్టు వేసిన చెయ్యి, దానికోసం కోసిన చొక్కా చెయ్యి, కోసినచోట వేలాడుతున్న దారాలు చూసింది. కత్తెర తీసుకుని ఆ దారాలు కత్తిరించి, అంచు లోపలికి మడిచి పిన్నీసు పెట్టింది. తర్వాత పక్కకు జరిగింది. వాడు లోపలికి వచ్చాడు.

బొత్తాం గోడవారన నిలబడే ఉన్నాడు. కళ్లకింద నల్లగా ఉంది. నిచ్చెన నేల మీద చతికిలబడి వాడికన్నా పొట్టివాడయ్యాడు. బొత్తామే మొదలుపెట్టాడు. సీనియర్లు వెళ్లిపోయాక కూడా ఒక గొంతు వినిపించిందట. తలుపు వైపునుంచి కాదు, కాళ్ల కిందినుంచి. అది వాణ్ణి రమ్మనలేదు. అందుకే ఆట కాదని తెలిసిందట.

"ఏమందిరా మరి?" అన్నాడు నిచ్చెన.

"'అన్నా, నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు' అన్నాడు. వాడూ రాయేనట, ఇంకా నిలబడే ఉన్నాడట. నన్ను అన్నా అన్నాడు, నిచ్చెనన్నా. అంటే నేను వాడికి సీనియర్ని కదా."

టైలరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను పిల్లల మనసు గురించి, చీకట్లో ఎక్కువసేపు నిలబడితే చెవులు చేసే చప్పుళ్ల గురించి చదివినవన్నీ గుర్తుచేసుకున్నాను. ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్లు, లేదా సంపు తోడారురా, ఏమీ లేదు అనేవాళ్లు. నిచ్చెన రెండూ చేయలేదు.

"సోమవారం మట్టి పోస్తారు," అన్నాడు బొత్తాం.

"ఇవాళ ఆదివారమే కదా," అని నిచ్చెన లేచాడు. "నువ్వు రాకు. నేను వెళ్లి విడిపించి వస్తా. ఏం జరిగితే అది చెబుతా."

వాణ్ణి ఒంటరిగా పంపలేక నేనూ వెళ్లాను. ఇంకా ఎండ పొడ ఉంది. మైదానంలో ఒక మూల అప్పటికే ఎర్రమట్టి కుప్పలు పోసి ఉన్నాయి. మునిసిపాలిటీవాళ్లు అక్కడ పెట్టిన కాపలావాడు నన్ను గుర్తుపట్టి, నా భార్య ఒకప్పుడు వాడి కూతురి కాలికి కట్టు కట్టిన సంగతి చెప్పి, ఎందుకని అడగకుండానే గొళ్లెం తీశాడు.

పలకలు లేకపోయేసరికి గది వేరేలా ఉంది. గడప దాటగానే అంచు, ఆ తర్వాత నలుపు. తోడిన నీరు అడుగున మళ్లీ ఊరింది. నిచ్చెన అంచున బోర్లా పడుకున్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని వాడి మడమలు పట్టుకున్నాను. పిండికట్టు చివర వేళ్లు మాత్రమే బయటికి ఉన్నాయి. ఆ వేళ్లను చీకట్లోకి చాపాడు.

వాడు గొంతు పెంచకుండా, చిన్నపిల్లలకు లేసు కట్టడం నేర్పేటప్పటి గొంతుతో చెప్పాడు. "తమ్ముడూ, ఆట అయిపోయింది. నువ్వు కదల్లేదు. మంచి రాయివి. ఇక ఇంటికి పో."

అలాగే చాపి ఉంచాడు. నీళ్ల మీదినుంచి చల్లటి గాలి వచ్చింది.

అప్పుడు నాకు వినిపించింది. ఈ మాట నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు. నా భార్య నన్ను ఎప్పుడూ రెండుసార్లు పిలిచేది. మొదటిసారి మామూలుగా, రెండోసారి కొంచెం సాగదీసి, వినిపించిందా అన్నట్టు. ఏమండీ. ఏమండీ. నా కాళ్లకింద, నీళ్లున్న చోటునుంచి, ఆమె వంటింట్లోంచి పిలిచినంత మామూలుగా వచ్చింది. లేచి వెళ్లాలనిపించింది. వెళ్లడంలో వింతేమీ లేదనిపించింది. కాని నా రెండు చేతుల్లోనూ ఆ పిల్లాడి మడమలు ఉన్నాయి. ఎముకలు గట్టిగా, వెచ్చగా తగులుతున్నాయి. ఒక మేజోడుకి చిల్లు పడి మడమ కనిపిస్తోంది. వదిలితే వాడు జారతాడు. నేను వదల్లేదు. ఎవరు పెట్టారో తెలియదు కాని, సరిగ్గా ఆ సమయానికి నా చేతులకు ఒక పని పెట్టారు.

మూడోసారి పిలుపు రాలేదు. నిచ్చెన చెయ్యి వెనక్కి తీసుకుని, వెల్లకిలా తిరిగి, నా మొహం చూశాడు.

"మీకేమైనా వినిపించిందా సార్?"

గాలి అన్నాను. తిరిగి వస్తున్నంతసేపూ నా సంచి వాడే మోశాడు.

వీధిదీపాలు వెలిగే వేళకు టైలరమ్మ ఇంటికి చేరాం. మిషను ఆగి ఉంది. బొత్తాం అదే గోడవారన ఉన్నాడు. దారి పొడవునా నాకు ఒకటే ఆలోచన. నిచ్చెన ఒక్క చిన్న అబద్ధం చెబితే చాలు, వాడు చెయ్యి పట్టుకున్నాడురా, వెళ్లిపోయాడు అంటే చాలు, ఈ పిల్లాడు అన్నం తిని పడుకుంటాడు. ఆ అబద్ధాన్ని ఎవరూ తప్పుపట్టరు. టైలరమ్మ కూడా వాడి వైపు అదే చూపు చూస్తోంది.

"వాడు చెయ్యి పట్టుకున్నాడా?" అన్నాడు బొత్తాం.

నిచ్చెన నేల మీద కూర్చుని, మొహం తుడుచుకున్నాడు.

"లేదురా. నేను చాపాను. ఎవరూ పట్టుకోలేదు. నాకేమీ వినిపించలేదు కూడా. అయిపోయింది, ఇంటికి పో అని చెప్పాను. వేళ్లు చల్లబడేదాకా చాపే ఉంచాను. అంతే."

టైలరమ్మ కళ్లు మూసుకుంది. నేను తలుపు చెక్క పట్టుకున్నాను. బొత్తాం నిచ్చెన మొహంలోకి చూస్తూనే ఉన్నాడు. ఆ పంపుహౌసులోంచి బయటకు వచ్చాక వాడి మొహంలోకి సూటిగా చూడడం అదే మొదటిసారి.

"పట్టుకున్నాడంటే నేను నమ్మేవాణ్ణి కాదు," అన్నాడు. కాస్త ఆలోచించి, "చెప్పావు కదా. విని ఉంటాడు," అన్నాడు.

అని గోడ వదిలాడు. మంచం దాకా నడిచి, పక్క మీద కూర్చున్నాడు. వాళ్లమ్మ పళ్లెంలో అన్నం తెస్తే రెండు ముద్దలు తిన్నాడు. మూడోది నోట్లో ఉండగానే కళ్లు మూతపడ్డాయి. నిచ్చెన కుడిచేత్తో పళ్లెం పట్టుకున్నాడు. ఆమె కొడుకు మూతి తుడిచి, పడుకోబెట్టి, దుప్పటి కప్పింది.

నిచ్చెన వెళ్లడానికి లేవబోయాడు. కాసేపు ఇక్కడే ఉండవయ్యా, మధ్యలో లేచి చూస్తే కనబడాలి కదా అందామె, వాడి వైపు చూడకుండా. వాడు మంచం కోడుకి వీపు ఆనించి కూర్చున్నాడు. నేను బయటికి నడిచాను. ఆమె దీపం ఆర్పి, నా వెనకే ముందుగదిలోకి వచ్చి, చప్పుడు కాకుండా వెనకగది తలుపు దగ్గరికి వేసింది.